కాంప్లెక్స్ వెనక లాడ్జి: భుజాన బ్యాగులు, వెంట పిల్లలు ఉన్నవాళ్ల కోసం

భుజాన బ్యాగులేసుకుని ఊళ్లు తిరిగే కుటుంబానికి ఏం కావాలో హోటళ్లవాళ్లకు అంతగా పట్టదు. ఫొటోల కోసం తువ్వాలును హంసలా మడిచి మంచం మీద పెడతారు. మాకు కావాల్సింది బట్టలారేసుకోవడానికి ఒక తాడు, బ్యాగులు దాచుకోవడానికి తాళం పడే గది. ఇంకా తెల్లవారుజామున తలుపు కొట్టినా విసుక్కోకుండా తాళంచెవి ఇచ్చే మనిషి ఉంటే మరీ మంచిది. విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్స్ (అక్కడి పెద్ద బస్టాండు) వెనక సందులో ఉన్న ఈ లాడ్జిలో ఇవన్నీ దొరికాయి. గది సంగతి వేరు, అది కిందకి రాస్తాను.

మాది కర్నూలు. నేను, మా ఆయన, పదో తరగతిలోకి వచ్చిన మావాడు, మూడో తరగతి పాప. వేసవి సెలవుల్లో రాజమండ్రి వైపు తిరిగి విశాఖ, అక్కణ్ణుంచి అరకు, ఆ తర్వాత శ్రీకాకుళం వైపు అరసవల్లి, శ్రీకూర్మం అని వేసుకున్నాం. స్లీపర్ క్లాసు, పల్లెవెలుగు బస్సులు, సత్రాలు, అంతా చవక బేరమే. మధ్యలో విశాఖ మాత్రం పిల్లల కోసం పెట్టుకున్నది. "ఈ ఒక్క ఊళ్లో గుడి వద్దమ్మా" అని మావాడు ముందే కండిషన్ పెట్టాడు. సరేనన్నాను. వాళ్లు పడుకుని ఉండగా పొద్దున్నే బస్సెక్కి నేనొక్కదాన్నే సింహాచలం వెళ్లొచ్చేశాను, అది వేరే విషయం. స్వామి నిజరూప దర్శనం ఏడాదికోసారి, అక్షయ తృతీయ రోజే. మిగతా రోజులన్నీ చందనంలోనే ఉంటాడు. ఆ పండగ దాటాక వెళ్లాం కాబట్టి గదుల కోసం తిప్పలు పడలేదు.

ఈ లాడ్జిలో అసలు కిటుకు 24 గంటల చెకౌట్. మా రైలు చీకటితోనే విశాఖలో దింపేసింది. చాలా హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు దాకా ఒక రోజు. చీకట్లో దిగినవాళ్లు కుర్చీల్లో కునికిపాట్లు పడాలి, లేదంటే డబ్బు కట్టాలి. బీచ్ రోడ్డులో ఒక హోటల్‌కి ముందుగా ఫోన్ చేస్తే, ఎర్లీ చెకిన్ అని సగం అద్దె అదనంగా అడిగారు. ఇక్కడ కౌంటర్లో ఉన్నాయన గోడగడియారం చూసి రిజిస్టర్లో 5.10 అని రాసి, "రేపు ఐదూ పదిదాకా మీదేనండి" అన్నాడు. అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ ఏడు గంటల్లోపే బయల్దేరుతుంది కాబట్టి ఖాళీ చేసేటప్పుడు కూడా మేం ఎలాగూ చీకటితోనే లేవాలి. దిగిన టైముకే ఖాళీ చేశాం. ఒక్క పూట అద్దె కూడా వృథా పోలేదు. నాలుగు మంచాల నాన్ ఏసీ గది రోజుకి 1,500, దానిమీద 5 శాతం జీఎస్టీ. ఆధార్ జిరాక్సులు మాత్రం వెంట ఉంచుకోండి. అడుగుతారు, ఆ వేళకి చుట్టుపక్కల జిరాక్స్ షాపు తెరిచి ఉండదు.

ఇక మేడ. విశాఖ ఉక్కపోత సంగతి ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా కర్నూలు ఎండకి జీన్స్ ప్యాంటు గంటలో ఫెళఫెళలాడుతుంది. ఇక్కడ ఎండా ఉంటుంది, చెమటా ఉంటుంది, ఆరడమే ఉండదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పైపు నుంచి పిట్టగోడ చువ్వల దాకా నైలాన్ తాళ్లు కట్టి ఉన్నాయి. రాజమండ్రి నుంచి పోగైన బట్టలన్నీ ఉతికి నా పద్ధతిలో ఆరేస్తుంటే, మేడ ఊడుస్తున్న పెద్దావిడ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఏటమ్మా, అలాగ మడతేసీసి పడీస్తే రేపటికీ ఆరవు. తిరగేసీయ్."

ప్యాంటు లోపలి పక్క బయటకి తిప్పింది. జేబులు నాలుగూ బయటకి లాగి వదిలేసింది. తాడు మీద మడతేయకుండా నడుం పట్టీని రెండు చివర్లా క్లిప్పులతో పట్టించి, గాలి కాళ్లలోకి దూరేలా తెరిచిపెట్టింది. రెండు తాళ్లకి ఒక్కో చివర కట్టడంతో ప్యాంటు నోరు తెరుచుకుని నిలబడింది. క్లిప్పులు ఆవిడవే, డబ్బాలోంచి తీసిచ్చింది. మధ్యాహ్నం మేం ఊరి మీద పడ్డాక నాలుగు చినుకులు పడితే, బట్టలన్నీ తీసి మెట్ల దగ్గర దండెం మీద వేసిందట. ఈ పనికి లాడ్జి రేట్ల బోర్డు మీద ధర లేదు. మీరు వెళ్తే ఆవిడ చేతిలో ఎంతో కొంత పెట్టండి, తీసుకుంటుంది.

మేం వెళ్లినప్పుడు కురుసుర జలాంతర్గామి మధ్యాహ్నం నుంచే తెరిచారు కాబట్టి పొద్దుట పూట ఈ ఉతుకుళ్లకి సరిపోయింది. సోమవారం పెట్టుకోకండి, అదీ ఉండదు, జూ కూడా ఉండదు. 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో విరమించిన సోవియట్ సబ్‌మెరైన్ ఇది. 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఒడ్డున మ్యూజియంగా ఉంది. తొంభై ఒక్క మీటర్ల పొడవు ఉంటుంది కానీ లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకుపోవాలి. నేవీలో చేసి రిటైరైనవాళ్లే తిప్పి చూపిస్తారు, ఏది అడిగినా ఓపిగ్గా చెబుతారు. టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు చూసి మావాడు "మన లాడ్జి మంచాలు నయమే" అన్నాడు. పొద్దుట పరుపు పల్చగా ఉందని గొణిగింది వాడే. రోడ్డుకి అవతల నౌకాదళం పాత విమానం టీయూ-142 ఉంది, అదీ మ్యూజియమే. పాపకి అదే నచ్చింది, లోపల నిటారుగా నడవొచ్చు కదా.

ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగనివ్వకండి, లాగుడు ఎక్కువ. పిల్లలు తడవాలంటే రుషికొండ వెళ్లండి. కాంప్లెక్స్‌లో 900కె ఎక్కితే అటే భీమిలి దాకా పోతుంది. లాడ్జి నుంచి కాంప్లెక్స్ నడక దూరమే, ఆటో ఖర్చు కలిసొస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రా ఆడవాళ్లకు సిటీ బస్సులు ఉచితం కాబట్టి నాకూ పాపకీ ఆధార్ చూపిస్తే జీరో టికెట్. మా ఆయనా కొడుకూ డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని, వెనకాల నిలబడి మా సీట్ల వంక చూస్తూ వచ్చారు. తెలంగాణ నుంచి వచ్చే ఆడవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

రుషికొండ ఇసకతో తిరిగొస్తే లాడ్జి వాచ్‌మన్ గుమ్మంలోనే ఆపేస్తాడు. బైకులు పెట్టేచోట ఒక కుళాయి ఉంది, కాళ్లూ చెప్పులూ కడుక్కుంటే తప్ప లోపలికి పోనివ్వడు. మా ఆయనకి కోపమొచ్చింది. నాకైతే ముచ్చటేసింది, మెట్ల మీద ఇసక రవ్వ లేకపోవడానికి కారణం తెలిసింది.

అరకు వెళ్లేటప్పుడు పెద్ద బ్యాగులు రెండూ ఇక్కడే వదిలేశాం. బ్యాగుకి రోజుకి 30. అట్టముక్క మీద మార్కర్‌తో నంబరు రాసి, సగం చింపి బ్యాగుకి కట్టి, సగం మన చేతికిస్తారు. ఆ సగం పోగొట్టుకుంటే ఏం చేస్తారని అడిగితే "లోపలేమేమి ఉన్నాయో చెప్పండి, తెరిచి చూస్తామండి" అన్నాడాయన. బొర్రా గుహల మెట్లు ఖాళీ భుజాలతో దిగి ఎక్కాం. ఆ 60 రూపాయల విలువ నా మోకాళ్లకి తెలుసు.

గది మాత్రం అంతంతే. ఆన్‌లైన్‌లో సీ వ్యూ అని పెట్టారు, కిటికీలోంచి కనబడేది పక్క బిల్డింగు వాళ్ల వంటింటి చిమ్నీ. సముద్రానికి ఆటోలో పోవాల్సిందే. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే, అదీ కింద నుంచి బకెట్‌తో. వేసవి కాబట్టి గడిచింది, చలికాలంలో చంటిపిల్లలున్నవాళ్లు ఆలోచించుకోవాలి. దోమలకి కాయిల్ మనమే తెచ్చుకోవాలి. టీవీ ఉంది, రాదు. లిఫ్ట్‌లో ముగ్గురు పడతారు, బ్యాగులుంటే ఇద్దరే.

తిండి లాడ్జిలో లేదు, అక్కర్లేదు కూడా. సందు చివర బండి మీద పొద్దున పూరీ, బొంబాయి చట్నీ దొరుకుతుంది. చట్నీ రెండోసారి అడిగితే మొహం చూడకుండా వేస్తాడు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నాం. ఉగ్గాని తిని పెరిగిన పిల్లలకి బొరుగులు కొత్త కాదు, అయినా నిమ్మకాయ ఇంకాస్త పిండమని రెండో పొట్లం కట్టించుకున్నారు.

బుక్ చేసేముందు ఫోన్ చేసి వెనకవైపు గది అడగండి. ముందువైపు గదుల్లో తెల్లారుజాము నుంచే బస్సుల హారన్లు. మూడో అంతస్తు అయితే మేడకి ఒక్క వరస మెట్లే, తడిబట్టల బకెట్ మోయడం తేలిక.