నొప్పి తెలియని పన్ను: ఇంప్లాంట్లతో నా ఏడేళ్లు

కింది దవడలో కుడివైపు చివరి రెండు పళ్లు నాకు లేవు. వాటి స్థానంలో దవడ ఎముకలో బిగించిన రెండు టైటానియం స్క్రూలు (వీటినే ఇంప్లాంట్లు అంటారు), వాటి మీద పింగాణీ లాంటి గట్టి జిర్కోనియా క్యాపులు ఉన్నాయి. స్క్రూలు వేసింది 2018 డిసెంబరులో, క్యాపులు బిగించింది 2019 మేలో. కొత్తలోనే చాలామంది ఎలా ఉందో చెప్పమని అడిగారు. నెల రోజుల వాడకంతో పన్ను గురించి ఏం చెప్పగలం? మొన్న ఏడో సంక్రాంతి సకినాలు కూడా ఆ వైపే నమిలాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

2013లో ఒక దవడ పన్ను పిప్పి పట్టి, రూట్ కెనాల్ చేయించాక కూడా చీలిపోయింది. పీకేశారు. మరుసటి ఏడాది దాని వెనకదీ పోయింది. జ్ఞానదంతం అంతకుముందే తీయించాను. రెండు పక్కల పళ్ల ఆసరాతో నిలిచే బ్రిడ్జ్ వేయించుకుందామంటే వెనక ఆసరాకు పన్నే లేదు. తీసి పెట్టుకునే పళ్లు చేయించుకున్నాను. వాటి వైరు కొక్కెం పక్క పన్నును ఒరుసుకునేది, వేరుశనగ పలుకు ఒక్కటి కిందకు పోతే చిగురు మండిపోయేది. ఏడాదికల్లా వాటిని డబ్బాలో పెట్టేసి, అన్నీ ఎడమవైపే నమలడం అలవాటు చేసుకున్నాను. అలా నాలుగేళ్లు.

ఆ నాలుగేళ్లే నేను చేసిన పెద్ద పొరపాటు. పన్ను లేని చోట ఎముకకు పని ఉండదు, మెల్లగా కరిగిపోతుంది. అందులోనూ మొదటి ఏడాదిలోనే ఎక్కువ కరుగుతుందట. ఈ మాట పన్ను పీకిన రోజు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. 2018లో సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపించే ఎక్స్‌రే స్కాన్) తీస్తే ఎముక వెడల్పు బాగా తగ్గిపోయింది. డాక్టరు గారు తెర మీద కింది దవడ నరం చూపించారు. నరానికి పైన 12 మిల్లీమీటర్ల ఎముక ఉంది. కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి కాబట్టి 10 మిల్లీమీటర్ల స్క్రూ కంటే పొడవైనది వేయకూడదన్నారు. ఆ నరానికి దెబ్బ తగిలితే పెదవి, గడ్డం మొద్దుబారిపోవచ్చు. స్కాన్ లేకుండా ఎక్స్‌రే ఒక్కటే చూసి కింది దవడలో స్క్రూ వేస్తామనే చోట నేనైతే కూర్చోను.

నాకు షుగర్ ఉంది. అప్పుడు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8.6. "ముందు ఇది 7 దగ్గరికి తీసుకురండి మేడం, తర్వాతే పని" అని మూడు నెలలు ఆపారు. అప్పుడు విసుగొచ్చింది, ఇప్పుడు ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, ఎముక స్క్రూను పట్టుకోవడమూ కష్టమే.

స్క్రూ వేసిన రోజు గురించి నేను పడ్డ టెన్షన్‌లో సగం కూడా అక్కడ లేదు. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, తర్వాత దవడ లోపల అదురు, నోట్లో చల్లటి నీళ్లు, చివర్లో బిగించేటప్పుడు గట్టిగా నొక్కినట్టు. అంతే. ఎముక తగ్గిన చోట పక్కన ఎముక పొడి వేసి కుట్లు వేశారు. రెండు రోజులు బుగ్గ ఉబ్బింది. వారం పాటు చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం. పదో రోజున కుట్లు విప్పారు. ఆ తర్వాత ఓపిక పట్టడమే అసలు పరీక్ష. ఎముక టైటానియాన్ని తనలో కలుపుకునేదాకా ఆగాలి. మామూలుగా కింది దవడకు మూడు నాలుగు నెలలు చాలు, పై దవడకు ఇంకొంచెం ఎక్కువ. పొడి వేశారు కాబట్టి నాకు ఐదు నెలలు పట్టింది.

ఈ కలిసిపోయే గుణాన్ని కనిపెట్టింది స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్. కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరం తిరిగి ఊడిరాకపోవడం గమనించారట. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషికి వేసిన ఇంప్లాంట్లు నలభై ఏళ్లకు పైగా పనిచేశాయి. అది చదివాకే నాకు ధైర్యం వచ్చింది.

రెండు పళ్లకు స్కాన్, పొడి, క్యాపులతో కలిపి నాకు 84 వేలు అయింది. ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వలేదు.

ఇక వాడకం. నమలడంలో సొంత పన్నుకు ఏమీ తీసిపోదు. సకినాలు, మటన్, జామకాయ అన్నీ తింటున్నాను. కానీ ఒక తేడా ఉంది. సొంత పన్నుకీ ఎముకకీ మధ్య సన్నని నారలాంటి పొర ఉంటుంది. అన్నంలో ఇసుక రేణువు తగిలినా నోరు టక్కున ఆగేది దాని వల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, నేరుగా ఎముకలోనే ఉంటుంది. అందుకే రాయి పడ్డా సరిగా తెలియదు. ఎంత గట్టిగా కొరుకుతున్నామో కూడా అంతగా తెలియదు. ఏదైనా తేడా వచ్చినా చాలాసార్లు నొప్పి రాదు.

నాలుగో ఏడు నాకు అలాగే జరిగింది. సొంత పళ్లు వయసుతో కొద్దికొద్దిగా జరుగుతాయి, ఇంప్లాంట్ జరగదు. దాంతో ఇంప్లాంట్ క్యాపుకీ దాని ముందున్న సొంత పన్నుకీ మధ్య సందు పడింది. మునక్కాయ పీచు, గోంగూర అందులో చేరేవి. ఒకరోజు ఉమ్మితే ఎర్రగా కనిపించింది. నొప్పి మాత్రం కొంచెం కూడా లేదు. ఎక్స్‌రే తీస్తే ఎముక బాగానే ఉంది, చిగురు మాత్రమే వాచింది. ఇంకో ఏడాది పట్టించుకోకపోయి ఉంటే ఎముక కూడా తినేసేదన్నారు. క్యాపుకు పిప్పి పట్టదు కాబట్టి నాకేం భయం లేదనుకున్నాను. పిప్పి కాదు, చిగురు చూసుకోవాలి. అప్పటి నుంచి రోజూ రాత్రి సందుల్లో దూరే చిన్న బ్రష్, నీళ్లు చిమ్మే ఫ్లాసర్, ఆరు నెలలకోసారి క్లీనింగ్. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆరో ఏడు వెనక పన్ను కదిలింది. నమిలితే లోపల కటుక్కుమనేది. ఇంప్లాంటే ఊడిపోతోందని రాత్రంతా నిద్రపోలేదు. తీరా చూస్తే క్యాపును ఇంప్లాంట్ మీద బిగించే లోపలి చిన్న స్క్రూ వదులైంది. అప్పటికి మేం హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి మారాం. ఇక్కడి డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ కంపెనీ, ఏ సైజు?" నా దగ్గర సమాధానం లేదు. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం తాళం చెవి లాంటి డ్రైవర్ కావాలట. ప్యాకెట్ మీది స్టిక్కర్లు అంటించిన కార్డు ఇవ్వాల్సింది, నాకు వేసిన క్లినిక్ ఇవ్వలేదు. ఫోన్ మీద ఫోన్ చేస్తే మూడో రోజుకు రిజిస్టర్ వెతికి చెప్పారు. అదృష్టం కొద్దీ నాది స్క్రూతో బిగించిన క్యాప్. పైన స్క్రూ రంధ్రాన్ని మూసిన ఫిల్లింగ్ తీసి, పది నిమిషాల్లో బిగించేశారు. జిగురుతో అంటించిన క్యాప్ అయితే తెగ్గొట్టాల్సి వచ్చేదేమో.

మా తమ్ముడు పోయిన నెల దవడ పన్ను పీకించుకున్నాడు. "తర్వాత చూద్దాంలే అక్కా, ఇంకోవైపు నములుతున్నా కదా" అంటున్నాడు. శనివారం నేనే వెంటబెట్టుకుని స్కాన్‌కు తీసుకెళ్తున్నాను. కార్డు సంగతి కూడా ముందే అడుగుతాను.