గోడ స్టాండా, సొరుగుల పెట్టా, ట్రంకు పెట్టా? చెన్నై ఇంట్లో మోడలింగ్ సామానుకు ఏది మేలు

రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లలు పడుకున్నాక మా డైనింగ్ టేబుల్ నాకు దొరుకుతుంది. పదకొండు లోపు మళ్లీ ఖాళీ చేసి తుడిచిపెట్టాలి. పొద్దున ఆరింటికి దానిమీదే టిఫిన్ డబ్బాలు సర్దాలి కదా. కిట్ పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలను అతికి చిన్న విమానాలు కట్టడం నా సరదా. ఉన్న ఆ గంటన్నరలోనే 1:72 కొలతలో ఒక నాట్ యుద్ధవిమానం రెక్కలు అతకాలి, సందులు పూడ్చాలి, రంగు వేయాలి. 1:72 అంటే అసలు విమానంలో ఆరడుగులు నా చేతిలో ఒక అంగుళం. మొత్తం విమానమే జానెడు లేదు, ఇక లోపలి కంట్రోల్ స్టిక్ బియ్యపు గింజ కంటే సన్నం.

ఇలాంటి పనికి సామాను తియ్యడానికి ఇరవై నిమిషాలు, సర్దడానికి ఇరవై నిమిషాలు పోతే మిగిలేది ఏముంది? అందుకే సామాను ఎక్కడ పెట్టుకోవాలన్న విషయంలో నేను మొదట చూసేది ఒకటే: కుర్చీలో కూర్చున్నాక మొదటి కోత కొయ్యడానికి ఎంతసేపు పడుతుంది. రెండోది చెన్నై గాలి. మేముండేది వేళచ్చేరిలో రెండో అంతస్తు అద్దె ఇల్లు. ఇక్కడి చెమ్మ, ఎండ రెండూ ఈ సామానుకు పడవు. ఈ ఆరేళ్లలో గోడకు తగిలించే స్టాండు, సొరుగుల పెట్టె, ట్రంకు పెట్టె మూడూ వాడి చూశాను. మూడింటికీ వాటి వాటి పని ఉంది, కానీ ఒకటి చేసే పని ఇంకొకటి చెయ్యలేదు.

ముందు గోడ స్టాండు సంగతి. లేజర్‌తో కోసిన ఎమ్‌డీఎఫ్ చెక్క స్టాండ్లు ఆన్‌లైన్‌లో రకరకాలు దొరుకుతున్నాయి. రంగు సీసాలకు దీన్ని మించింది లేదు. నలభై సీసాలు ఒకేసారి కళ్లముందు ఉంటాయి, ఏది అయిపోవచ్చిందో తెలుస్తుంది, ఉన్న రంగే మళ్లీ కొనే బాధ తప్పుతుంది. కొనేముందు రంధ్రం కొలత చూసుకోండి. వలెహో లాంటి సన్నటి డ్రాపర్ సీసాలకు 26 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. టామియా గాజు సీసాలు, సిటడెల్ డబ్బాలు లావు కాబట్టి వాటికి 36 కావాలి. నేను చూసుకోకుండా 26 కొన్నాను. నా దగ్గర సగం టామియా రంగులే. అవి ఒక్కటీ దిగలేదు, చివరికి స్టాండు పైన అంచుమీద వరసగా పేర్చాల్సి వచ్చింది.

అసలు ఇబ్బంది నవంబర్‌లో మొదలైంది. ఈశాన్య ఋతుపవనాలు వచ్చాయంటే ఇక్కడ గోడలు చెమరుస్తాయి. నేను తగిలించిన గోడకు అవతల బాత్రూమ్. రెండు నెలల్లో స్టాండు కింది పలక అంచు, నీళ్లలో నానిన అట్టలాగా ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది. ఎమ్‌డీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక, తడి తగిలితే పీల్చుకుంటుంది, మళ్లీ ఎండినా ఉబ్బు తగ్గదు. అప్పుడే మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చింది. దాన్ని చూసి, "ఏరా, తడి గోడకి ఎవరన్నా చెక్క ఆనిస్తారా? బీరువా కూడా జానెడు ఎడంగా జరుపుతాం కదరా" అంది. ఆవిడ చెప్పింది నిజం. ఆ తర్వాత కొన్న స్టాండుకు కోసిన అంచులన్నిటికీ రెండు పూతలు వార్నిష్ వేసి, గోడకు కాకుండా పుస్తకాల అలమర మీద నిలబెట్టాను. మూడేళ్లయినా చెక్కు చెదరలేదు.

అద్దె ఇంట్లో గోడకు డ్రిల్ వెయ్యడానికి ఓనర్ ఒప్పుకోవాలి, అదొక గొడవ. బెంగళూరులో ఉండే మా బాబాయి కొడుకు సొంత ఫ్లాట్‌లో గదిలో ఒక గోడ నిండా ఇవే బిగించుకున్నాడు. అక్కడి గాలి ఇంత చెమ్మగా ఉండదు కాబట్టి వాడికి ఏ టెన్షనూ లేదు. వాడి ఫోటోలు చూసి మనం ఇక్కడ అదే చేస్తే కుదరదు.

స్టాండు ఏ ఊళ్లో పెట్టినా కిటికీ ఎండ పడకుండా చూసుకోవాలి. ఇంకో చిన్న అలవాటు కూడా చేసుకోండి: రంగు వాడి మూత పెట్టే ముందు సీసా మెడ మరల మీద అంటిన రంగును గుడ్డతో తుడవండి. అక్కడ రంగు ఎండితే మూత సరిగ్గా బిగియదు, గాలి లోపలికి పోయి ఆరు నెలల్లో రంగు గట్టిపడుతుంది. రంగు పాడవడానికి చాలాసార్లు ఎండిన మెడే కారణం, దాచిన చోటు కాదు.

ఇక సొరుగుల పెట్టె. దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్లండి. ఎలక్ట్రానిక్స్ వాళ్లు రెసిస్టర్లు, కెపాసిటర్లు దాచుకునే చిన్న చిన్న సొరుగుల ప్లాస్టిక్ పెట్టెలు అక్కడ ఉంటాయి. మన పనికి అచ్చంగా అవే కావాలి. మోడలింగ్ కోసమని పేరు పెట్టి అమ్మేవాటి కంటే చవక, గట్టి కూడా.

నేను మొదట చేసిన తప్పు వస్తువు పేరును బట్టి సర్దడం. బ్లేడ్లు ఒక సొరుగు, ట్వీజర్స్ ఒక సొరుగు, ఎమరీ పేపర్ ఒక సొరుగు. చూడ్డానికి చక్కగా ఉంది, కానీ ఒక ముక్క కోసి నునుపు చెయ్యాలంటే ఐదు సొరుగులు లాగాల్సి వచ్చేది. ఇప్పుడు చేసే పనిని బట్టి సర్దాను. కోత సొరుగులో స్ప్రూ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) కట్టర్, కత్తి, కొత్త బ్లేడ్లు, 400 నుంచి 2000 దాకా గరుకు నంబర్ల ఎమరీ ముక్కలు. అతుకు సొరుగులో జిగుళ్లు, సన్న బ్రష్, బట్టల క్లిప్పులు, మాస్కింగ్ టేప్. డెకాల్ (నీళ్లలో నానబెట్టి విమానం మీద అతికే గుర్తులు) సొరుగులో కత్తెర, మెత్తటి బ్రష్, డెకాల్ అతికే మందులు, చిన్న మూకుడు. ఆ రోజు ఏ పనైతే ఆ సొరుగును మొత్తం ఊడదీసి టేబుల్ మీద పెట్టుకుంటాను. పని అయ్యాక అలాగే తోసేస్తాను. కూర్చున్న మూడు నిమిషాల్లో కోత మొదలవుతోంది.

విడి ముక్కలకు మా అమ్మ ఇచ్చిన పాత స్టీలు పోపుల పెట్టె వాడుతున్నాను. ఏడు గిన్నెలు. ఒకదాంట్లో చక్రాల ముక్కలు, ఒకదాంట్లో కాక్‌పిట్, ఒకదాంట్లో రెక్కల కింద తగిలించే పెట్రోలు ట్యాంకులు, ఇలా ఆ వారం పనికి కావాల్సినవే స్ప్రూ నుంచి కోసి వేస్తాను. ఆవాలు, జీలకర్ర కలవకుండా ఉండాలని చేసిన పెట్టె కాబట్టి మూత గిన్నెల అంచు దాకా దిగుతుంది, తీసుకుపోయేటప్పుడు కదిలినా ముక్కలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకవు. కొనే ప్లాస్టిక్ గళ్ల పెట్టెల్లో చాలావాటికి ఆ బిగువు లేదు.

సొరుగులకు రెండు లోపాలున్నాయి. వెనక అడ్డు లేని రకమైతే లాగినప్పుడు మొత్తం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. నాట్ చక్రాల తలుపు ఒకటి అలాగే ఎగిరిపోయి, నాలుగు రోజుల తర్వాత ఫ్రిజ్ కింద దొరికింది. మనంతట మనం కొంచెం ఎత్తి లాగితేనే ఊడేలా, అడ్డు ఉన్నదే తీసుకోండి. రెండోది, అవి గాలి చొరబడనివి కావు. బ్లేడ్లు, సన్న డ్రిల్ బిట్లు వాటిలో ఊరికే వదిలేస్తే ఒక వానాకాలానికే తుప్పు చుక్కలు వస్తాయి. నేను వాటిని బిగుతు మూత ఉన్న చిన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, ఆ డబ్బాను సొరుగులో ఉంచుతున్నాను. రంగు మారే సిలికా జెల్ తీసుకుంటే అది చెమ్మ ఎప్పుడు నిండా పీల్చిందో తెలుస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. పిల్లలున్న ఇంట్లో నారింజ రంగుదే మేలు.

జిగురు సీసా ఒరిగిపోకుండా ఉండటానికి సొరుగులో గుంట చేసిన ముక్క పెట్టుకుంటాం కదా, అది థర్మోకోల్ మాత్రం కాకూడదు. కిట్ ప్లాస్టిక్, థర్మోకోల్ రెండూ పాలీస్టైరీనే. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు థర్మోకోల్‌ను కూడా కరిగిస్తుంది. చెక్క ముక్కలో గుంట చెయ్యండి.

ఫెవిక్విక్ లాంటి జిగుళ్లది వేరే కథ. గాలిలో చెమ్మ తగిలితేనే అవి గట్టిపడతాయి. అందుకే ఇక్కడ తెరిచిన ట్యూబు ఎక్కువ రోజులు నిలవదు. మూత బిగించి, సిలికా జెల్‌తో పాటు గాలి చొరని డబ్బాలో వేసి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లల చెయ్యి అందని అరలో ఫ్రిజ్‌లో పెడితే చాలా కాలం వస్తుంది. బయటికి తీసిన వెంటనే మాత్రం తెరవకండి. చల్లటి ట్యూబు మీద నీటి చెమట పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

ట్రంకు పెట్టె విషయానికొస్తే, చిన్నప్పుడు నెల్లూరులో బొమ్మల కొలువు అయిపోయాక మా అమ్మ ఒక్కో బొమ్మను పాత నూలు చీర ముక్కలో చుట్టి, ట్రంకులో బరువైనవి కింద, మట్టివి పైన పేర్చేది. మూత లోపల అట్ట మీద ఏ బొమ్మ ఏ వరసలో ఉందో రాసి ఉండేది. కట్టేసిన విమానాలను నేను అచ్చం అలాగే దాస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు తెరిచేవాటికి ట్రంకు భేషైన పెట్టె. రోజూ వాడే సామానుకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే కావాల్సింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

ట్రంకు అనగానే ఇంట్లో వాళ్లు అలవాటుగా కలరా ఉండలు వేస్తారు. దయచేసి వెయ్యనివ్వకండి. అవి నాఫ్తలీన్, ఆ ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడుతుంది. బొద్దింకల భయముంటే అట్టపెట్టెలు తీసేసి ముక్కలను జిప్ కవర్లలో పెట్టండి. ఎనామిల్ రంగుల థిన్నర్, లాకర్ థిన్నర్ కూడా ట్రంకులో వద్దు. అవి నిప్పంటుకునేవి, వాటి ఆవిరి మూసిన పెట్టెలో పోగవుతుంది. వంటింటికి, దీపం పెట్టే దేవుడి గదికి దూరంగా, గాలి ఆడే చోట విడిగా ఉంచాలి.

ఇంకో మాట, ట్రంకును పై అంతస్తు ఇంట్లో అటక మీదికి ఎక్కించకండి. మే నెలలో మేడ కప్పు కింద ఆ అటక కొలిమే. పలచటి రెక్కలు, పొడవాటి ముక్కలు వంకర తిరుగుతాయి. అలాగని నేల మీదా పెట్టకూడదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో కింది అంతస్తులో ఉండే మిత్రుడి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. కట్టని కిట్లు పదకొండు అలమర కింది అరలో ఉన్నాయి. ఇద్దరం కూర్చుని బురద కడిగాం. ప్లాస్టిక్ ముక్క ఒక్కటీ పాడవలేదు, సబ్బు నీళ్లలో కడిగి ఆరబెడితే కొత్తవాటిలాగే వచ్చాయి. కట్టే పద్ధతి కాగితాలు ఇంటర్నెట్‌లో దొరికాయి. డెకాల్స్ మాత్రం పోయాయి. నీళ్లలో నానితే కాగితం మీంచి జారిపోవడమే కదా వాటి పని. పదకొండు పెట్టెల్లో ఒక్క గుర్తు మిగల్లేదు.

మన దగ్గర డెకాల్స్‌కు ఉన్న విలువ వేరు. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద మన వైమానిక దళం ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ పోరాడింది నాట్‌లోనే. ఆ విమానం కట్టాలనుకున్నవాడికి బూడిద రంగు ప్లాస్టిక్ ఎప్పుడైనా దొరుకుతుంది, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల గుర్తు మాత్రం వెతికి తెప్పించుకోవాలి. చెమ్మకు, వయసుకు ఆ తెల్ల వలయం పసుపెక్కిందంటే ఎంత చక్కగా రంగు వేసినా విమానం పాతబడ్డట్టే కనిపిస్తుంది.

కొద్దిగా పసుపెక్కినదాన్ని కిటికీ అద్దానికి కొన్నాళ్లు అతికించి ఎండ తగలనిస్తే తెలుపు తిరిగొస్తుంది. అసలు పసుపెక్కకుండా చూసుకోవడం ఇంకా తేలిక. ప్రతి పెట్టెలోంచి డెకాల్ షీట్ తీసి, మీద పలచటి కాగితం పెట్టి, జిప్ కవర్లో వేసి, కిట్ పేరు రాసి, ఒకే ఫైల్‌లో పెట్టండి. ఆ ఫైల్ బీరువా పై అరలో, సర్టిఫికెట్ల పక్కన ఉండాలి.

మరి కొనేది ఒక్కటే అయితే? నా ఓటు సొరుగుల పెట్టెకే. అద్దె ఇల్లు, సొంత బల్ల లేని మనిషి, చిన్న పిల్లలు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఇంకో ఆలోచన వద్దు. రంగులు కూడా మొదట్లో ఒక పెద్ద సొరుగులో నిలబెట్టి, మూత మీద ఆ రంగే చుక్క పెడితే పైనుంచి చూసి తీసుకోవచ్చు. రంగులు ముప్పై దాటి, కదిలించక్కర్లేని ఒక బల్ల మీకంటూ ఉంటే అప్పుడు స్టాండు కొనండి, అదీ గోడకు ఆనకుండా నిలబడే రకం. కట్టని కిట్లు అయిదారు ఉన్నంతవరకు ట్రంకు అవసరమే లేదు, బీరువా మధ్య అర చాలు. పది దాటితే కొనొచ్చు. సముద్రానికి దగ్గరగా తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వైపు ఉండేవాళ్లు ఇనుప ట్రంకు బదులు బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె తీసుకుంటే తుప్పు బాధ ఉండదు.

వేటికీ ఇప్పుడు డబ్బు పెట్టలేకపోతే ఈ ఆదివారం డెకాల్స్ మాత్రమైనా తీసి ఫైల్‌లో పెట్టండి. నాకు ఇరవై రెండు కిట్లకు నలభై నిమిషాలు పట్టింది.