పట్టుదారం గాజులా, మట్టి నగలా? ఇంటి నుంచి మొదలుపెట్టేవారికి ఏది మేలు

చేత్తో నగలు చేసి అమ్ముకోవాలనుకునే మహిళలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నేను పట్టుదారం గాజులతో మొదలుపెట్టి, తరువాత టెర్రకోట నగలకు, అంటే కాల్చిన మట్టి నగలకు మారాను. కనుక నా మొగ్గు మట్టివైపే ఉంటుంది. అయినా దారం పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే మొదటి ఏడాది నన్ను నిలబెట్టింది అదే.

పట్టుదారం పనికి పెట్టుబడి తక్కువ. ప్లాస్టిక్ గాజులు, దారం కండెలు, గమ్ము, కుందన్ రాళ్లు, బాల్ చైను హైదరాబాదు బేగంబజారులో ఒక్క పూటలో దొరుకుతాయి. పోగు మీద పోగు ఎక్కకుండా, లోపలి వైపు ప్లాస్టిక్ ఎక్కడా కనిపించకుండా ఒత్తుగా చుట్టడం వారం పది రోజుల్లో చేతికి వస్తుంది. అయితే కొలత దగ్గర కొత్తవారు దెబ్బతింటారు. గాజుల సైజు 2.4 అంటే దశాంశం కాదు, 2 అంగుళాల మీద 4 పదహారో వంతులు, అంటే రెండుంపావు అంగుళాల లోపలి వ్యాసం. దారం చుట్టాక ఆ వ్యాసం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, ఎప్పుడూ 2.4 వేసుకునే ఆవిడకు మన గాజు బిగుతుగా ఉంటుందని ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి.

ఈ పనిలో అసలు చిక్కు వేరే ఉంది. మనకు వారంలో వచ్చిన పని పక్కవారికీ వారంలోనే వస్తుంది. కొత్త జత ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన కొద్ది రోజులకే అదే నమూనా మరొకరి దగ్గర తక్కువ ధరకు కనిపిస్తుంది, అప్పుడు మనం తగ్గించుకోగలిగింది మన కూలి ఒక్కటే.

మట్టి పని ఇందుకు పూర్తిగా భిన్నం. ముడిసరుకు ఖర్చు నామమాత్రం, కష్టమంతా చేతులదే. మట్టిని నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పిసికి, మలిచి, రోజుల తరబడి నీడలో ఆరబెట్టి, ఆ తరువాత నిప్పులో కాల్చాలి. ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది కనుక, జత జుంకాలు రెండూ ఒకే ముద్దతో, ఒకే పూట చేయకపోతే ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా మిగులుతాయి. నా మొదటి కాల్పులో సగం జుంకాలు పగిలిపోయాయి. పైకి ఆరినట్టే కనిపించినా లోపల తడి ఉండిపోయింది, ఆ తడి ఆవిరై మట్టిని చీల్చింది. ఇప్పుడు ప్రతి ముక్కనూ చెంపకు ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే మళ్లీ నీడలోకే వెళుతుంది. కాల్పు చాలకపోయినా నష్టమే, సరిగా కాలని పూస నీటిలో పడితే తిరిగి మెత్తబడుతుంది. ఇంత ఓపిక పట్టినవారికి దక్కే ఫలితం మాత్రం తక్కువది కాదు: కాల్పు చివరలో గాలి తగలకుండా మూసి పొగ పట్టిస్తే అదే మట్టి ఎరుపుకు బదులు నలుపుదేరుతుంది, ఆ నలుపు మీద మన చేతి గీత స్పష్టంగా నిలుస్తుంది. దాన్ని ఫొటో చూసి అనుకరించడం అంత తేలిక కాదు.

లక్క గాజుల గురించి కూడా కొందరు అడుగుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో, ఇవి ఆ ఊరి ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, గిరాకీ కూడా ఉంది. కానీ బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి తిప్పే ఆ పని లాడ్ బజారు పనివారికి తరాలుగా అబ్బిన విద్య. వంటింటి బల్ల మీద మొదలుపెట్టదగినది కాదు.

అమ్మకంలోనూ రెండింటి దారులు వేరు. చీర, జాకెట్టు రంగు చూసి దారం ఎంచుకుంటారు కనుక గాజుల ఆర్డర్లు వాట్సాప్‌లోనే ముగుస్తాయి. మట్టి జుంకాను మాత్రం చేతిలోకి తీసుకుని, ఇంత తేలికగా ఉందా అని ఆశ్చర్యపోయినవారే కొంటారు. అందుకే మాదాపూరు శిల్పారామం వంటి చోట స్టాలు దొరికితే అద్దె భారమనిపించినా వదులుకోకూడదు. ధర కట్టేటప్పుడు కాల్పులో పోయేవాటినీ, కొరియరులో విరిగేవాటినీ లెక్కలోకి తీసుకోవాలి. నేను చాలాకాలం ఆ లెక్క వేయక నష్టపోయాను.

నెల తిరిగేసరికి చేతిలో డబ్బు ఆడవలసినవారికి దారమే మేలు. ఏడాది ఆగగలిగి, తమ పనికి తమదైన ముద్ర ఉండాలని కోరుకునేవారికి మట్టి మేలని గట్టిగా చెబుతాను. రెండూ కలిపి నడపాలనుకుంటే రుతువులు కూడా సహకరిస్తాయి: వానాకాలంలో మట్టి త్వరగా ఆరదు, శ్రావణమాసం నోములకూ పెళ్లిళ్లకూ గాజులు అడిగేది సరిగ్గా అప్పుడే, వానలు వెనకబట్టాక దారం కండెలు పెట్టెలో సర్ది మట్టి నానబెట్టుకోవచ్చు.