నడుము నొప్పికి కైరోప్రాక్టిక్: రెండేళ్లు పైబడిన అనుభవం

నేను కుడిచేతి మీడియం పేసర్‌ని. తిరుపతిలో ఆదివారం వచ్చిందంటే గ్రౌండ్‌లోనే ఉంటాను. నడుము ఎడమ పక్క పట్టేసి, బంతి వదిలే క్షణంలో కత్తి దిగినట్టు పొడుస్తుంటే ఇక్కడి ఒక కైరోప్రాక్టిక్ సెంటర్‌కి వెళ్లాను. వెన్నెముకనీ, కీళ్లనీ చేత్తో నొక్కి, తిప్పి నొప్పి తగ్గించే పద్ధతి అది.

అక్కడి కైరోప్రాక్టర్ మొదటి రోజు నా ఒంటి మీద చెయ్యే వెయ్యలేదు. ‘‘పేస్ బౌలర్లకి బౌలింగ్ చేతికి ఎదురు పక్క వెన్నుపూసలో సన్న పగులు రావచ్చు సార్. ముందు ఎంఆర్ఐ తీయించుకుని రండి’’ అన్నారు. 2019లో బుమ్రా ఆటకి దూరమైంది కూడా నడుములో అలాంటి పగులు వల్లే. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే. అదృష్టవశాత్తూ రిపోర్టులో పగులు లేదు.

నడుము నొక్కినప్పుడు వచ్చే, వీడియోల్లో చూపించే ‘టక్’ శబ్దం గురించి చెప్పాలి. కీలు మధ్య ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడడం వల్ల వచ్చే చప్పుడది, తప్పిన ఎముక మళ్లీ సర్దుకోవడం కాదు. అలా నొక్కించుకున్నాక నాకు నడుము తేలికయ్యేది, కానీ రెండు మూడు రోజులకే మళ్లీ బిగుసుకునేది. నన్ను నిలబెట్టింది వ్యాయామాలే. చేతులు, మోకాళ్ల మీద ఉండి, నడుము మీద టెన్నిస్ బాల్ పెట్టుకుని, ఒక చెయ్యి, ఎదురు కాలు మెల్లగా చాపాలి. బాల్ జారిందా, మళ్లీ మొదటికే. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ చెమటలు పట్టిస్తుంది. తర్వాత సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి, ఒక మోచేతి మీద ఒళ్లంతా నిటారుగా నిలపడం), ఆపై సగం రనప్‌తో కొన్ని బంతులు, వారం వారం కొంచెం పెంచుతూ. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మర్నాడు మామూలుగా లేచి కూర్చున్నప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

నచ్చనిది ఒకటే, కౌంటర్‌లో ప్యాకేజీ ముందే కట్టమని ఒత్తిడి చేస్తారు. కట్టకండి, సిట్టింగ్‌కి సిట్టింగ్‌కే ఇవ్వండి. వాళ్లు నా మెడ పట్టి విసురుగా తిప్పడానికి నేను ఒప్పుకోలేదు. అరుదుగానైనా మెడలోని రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది. నొప్పి నడుములో ఉంటే మెడతో పనేముంది?

కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా ఇలాంటి సెంటర్లకి అసలు వెళ్లకండి. ఆలస్యం చేయకుండా స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తండి.