నాన్నగారి చివరి 23 రోజులు: మేము వాడుకున్న రాత్రిపూట పాలియేటివ్ కేర్ సేవపై సమీక్ష

వారానికి 168 గంటలు. అందులో ఆసుపత్రి ఓపీ తెరిచి ఉండేది మహా అయితే 50 గంటలు. మిగిలిన సమయంలో, అంటే రాత్రిళ్లలో, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో, మరణానికి చేరువైన మనిషికి నొప్పి ఎక్కువైనా, ఊపిరి అందకపోయినా ఇంట్లోవాళ్లే దిక్కు. పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి నొప్పినీ బాధనూ తగ్గించే సంరక్షణ, అవసరమైనవారిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన మా నాన్నగారిని ఆయన కోరిక మేరకు ఇంట్లోనే ఉంచుకున్నాం. ఆ 23 రోజులూ సాయంత్రం 6 నుంచి ఉదయం 8 వరకు ఫోన్‌లో అందుబాటులో ఉండి, అవసరమైతే నర్సును ఇంటికి పంపిన ఒక సేవ గురించి, అలాంటి స్థితిలో ఉన్న కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది ముందుచూపు. మొదటి సాయంత్రమే నర్సు వచ్చి, గంటకు పైగా కూర్చుని, ఒక మందుల పెట్టె ఇచ్చి వెళ్లారు. నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్, మనిషి కుదురు లేకుండా కొట్టుకులాడితే మిడజోలమ్, వాంతులకు హాలోపెరిడాల్, గొంతులో చేరే ద్రవాలకు గ్లైకోపైరోలేట్ ఇంజెక్షన్లు అందులో ఉన్నాయి. ఏది ఎప్పుడు ఎంత ఇవ్వాలో డాక్టరుగారి సంతకంతో రాసిన కాగితం మూతకు అంటించి ఉంది. అర్ధరాత్రి మార్ఫిన్ కోసం మందుల షాపుల చుట్టూ తిరిగినవారికి ఆ పెట్టె విలువ చెప్పనక్కర్లేదు. మార్ఫిన్ అనగానే మా అమ్మ భయపడితే, సరైన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదని, మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుందని, మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనపు మోతాదు ఇవ్వవచ్చని, మలబద్ధకం మాత్రం తప్పదు కాబట్టి దానికి మొదటి రోజు నుంచే మందు వేయాలని ఓపికగా వివరించారు.

పందొమ్మిదో రాత్రి 2 గంటలు దాటాక నాన్నగారి గొంతులో గురగురమనే శబ్దం మొదలైంది. ఆయనకు ఊపిరాడటం లేదనుకుని వణుకుతూ ఫోన్ చేశాను. "అమ్మా, ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టండి, వింటాను" అన్నారు నర్సు. కాసేపు విని, నుదురు ముడుచుకుని ఉందా, చేతులు అటూ ఇటూ కొట్టుకుంటున్నారా అని అడిగారు. రెండూ లేవన్నాను. "మింగే శక్తి తగ్గినందువల్ల గొంతులో ద్రవం నిలిచిందమ్మా. ఈ శబ్దం మనల్ని బాధపెట్టినంతగా ఆయనను బాధపెట్టదు. ఒక పక్కకు తిప్పి, తల కింద దిండు కాస్త ఎత్తు చేయండి. నోట్లో నీళ్లు పోయకండి, తడి దూదితో పెదవులు అద్దండి, చాలు." అలా చేస్తే శబ్దం సగానికి తగ్గింది. నలభై నిమిషాల్లో ఆమే వచ్చి చర్మం కిందకు సూదిమందు ఇచ్చారు. ఆ ఫోన్ ఎవరూ ఎత్తకపోయి ఉంటే మేము తప్పకుండా అంబులెన్సు పిలిచేవాళ్లం, ఎమర్జెన్సీ వార్డులో స్ట్రెచర్ మీద ఆయనకు ఆ రాత్రి గడిచేది.

లోపాలు లేకపోలేదు, అవి చిన్నవీ కావు. రెండో రాత్రి ఫోన్ ఎత్తిన వ్యక్తి దగ్గర నాన్నగారి వివరాలేవీ లేవు. పక్కన ఆయన నొప్పితో మూలుగుతుంటే వయసు, జబ్బు, వాడుతున్న మందులు అన్నీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది, దానికే పన్నెండు నిమిషాలు పట్టింది. ఫిర్యాదు చేశాక పగటి నర్సు రాసినది సాయంత్రానికల్లా రాత్రివారికి చేరే ఏర్పాటు చేశారు, తర్వాత ఆ ఇబ్బంది రాలేదు. కానీ రాత్రి సేవ ఉదయం 8కి ముగిసి పగటి సేవ 9కి మొదలవుతుంది. ఆ గంటలో ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తేవారుండరు. రెండుసార్లు సరిగ్గా ఆ సమయంలోనే నాన్నగారికి నెమ్మదిగా మందు ఎక్కించే చిన్న యంత్రం (మందు పంపు) అలారం మోగింది, ఎవరిని అడగాలో తెలియలేదు. దీని గురించి మూడుసార్లు చెప్పినా చివరి వరకు మార్పు లేదు. ఇలాంటి సేవలో చేరేవారు రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారన్నదే కాక, ఆ చేతులు మారే వేళ ఎవరుంటారో కూడా ముందే అడిగి రాయించుకోవాలి.

నాన్నగారు తెల్లవారుజామున 5.20కి వెళ్లిపోయారు. నర్సు వచ్చి, గుండె చప్పుడు విని, కనుపాపలు చూసి, సమయం రాసుకుని, పంపు ఆపారు. మిగిలిన మందు ఆంప్యూల్స్ (చిన్న గాజు సీసాలు) మా కళ్ల ముందే లెక్కపెట్టి, అంకె రాసి, తమ్ముడి చేత సంతకం చేయించారు. ఎనిమిదింటికి ఆమె డ్యూటీ అయిపోయింది. అయినా తొమ్మిదింటికి పగటి నర్సు వచ్చేవరకు మా అమ్మ పక్కనే కూర్చున్నారు.