ఎర్ర ఫిల్టర్ పెడితే బొట్టు మాయం: స్నాప్‌సీడ్‌తో ఓ పాత స్టూడియోవాడి ఆరు నెలలు

మా మనవరాలి నాలుగో పుట్టినరోజుకి అమ్మాయీ అల్లుడూ ఒక స్టూడియోలో బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు తీయించారు. స్టూడియో పేరు ఎందుకులెండి. ఆల్బమ్ తెరిస్తే పిల్ల మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మా ఇంట్లో అందరిదీ చామనఛాయే, పిల్లదీ అంతే. ఫోటోలో మాత్రం ముక్కు పక్కన నీడ లేదు, బుగ్గకి గుండ్రం లేదు, తెల్లటి కాగితం మీద రెండు కళ్లు అతికించినట్టుంది. "తెల్లగా వచ్చింది కదా నాన్నా" అని మురిసిపోయింది అమ్మాయి. ముప్పై ఏళ్లు తెనాలిలో స్టూడియో నడిపినవాణ్ణి, ఊరుకోలేక నాలుగు మాటలన్నాను. "అయితే నువ్వే తియ్యి" అని తన పాత ఫోన్ నా చేతిలో పెట్టేసింది. ఫోటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్ అందులోనే ఉంది.

ఈ యాప్ ఉచితం, మధ్యలో ప్రకటనలు కూడా రావు. 2011లో నిక్ అనే కంపెనీ తెచ్చింది, మరుసటేడు ఆ కంపెనీని గూగుల్ కొనేసింది. నేను వాడేది ఆండ్రాయిడ్‌లో. ఐఫోన్‌లో 2025లో రూపం మార్చారు కాబట్టి అక్కడ బటన్లు వేరేచోట ఉంటాయి.

ఫోటో తీసింది మా వసారాలో, మధ్యాహ్నం మూడింటికి, ఎండ నేరుగా పడని చోట. వెలుగు ఒక పక్కనుంచే వస్తోంది. కెమెరా పిల్ల కళ్ల ఎత్తులో ఉండాలని నేల మీద చతికిలబడ్డాను. లేవడానికి మా ఆవిడ చెయ్యి అందించాల్సొచ్చింది, అది వేరే సంగతి. పిల్ల ముదురాకుపచ్చ పావడా కట్టుకుంది, దానికి పండుమిరప రంగు అంచు. నుదుటిన ఎర్ర స్టిక్కర్ బొట్టు, చేతిలో సగం కొరికిన జంతిక.

టూల్స్‌లో బ్లాక్ అండ్ వైట్ నొక్కగానే పావడా, అంచు ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. కంటికి ఎరుపు, ఆకుపచ్చ ఎంత వేరైనా, రెండిటి వెలుగూ ఒకటే అయితే నలుపు తెలుపులో తేడా ఉండదు. పండగ బట్టల్లో తీసే ఫోటోలు చాలావరకు చప్పగా వచ్చేది ఇందుకే.

ఇక్కడే ఈ యాప్‌లో అసలు పనిముట్టు ఉంది. కింద చిన్న రంగు గుర్తు నొక్కితే ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు వస్తాయి. మా రోజుల్లో ఇవి గాజు బిళ్లలు. లెన్స్ ముందు బిగించి ఫోటో తీశామంటే ఇక మార్చే పని లేదు. ఇప్పుడు తీశాక ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు. సూత్రం మాత్రం పాతదే. ఏ రంగు ఫిల్టర్ పెడితే ఆ రంగు తెల్లబడుతుంది, ఎదురు రంగు నల్లబడుతుంది.

ఎరుపు పెట్టాను. అంచు మెరిసింది, పావడా నల్లబడింది, చూడ్డానికి భలేగా ఉంది. కానీ నుదుటి మీద బొట్టు లేదు! చర్మంలో కలిసిపోయింది. పెదాలు పాలిపోయాయి, జ్వరం వచ్చి లేచిన పిల్లలా ఉంది. మన ఒంటి రంగు ఎంత నలుపైనా అందులో ఎక్కువ పాలు ఎరుపూ నారింజే, అందుకే ఈ ఫిల్టర్ మొహాన్ని పిండిలా చేస్తుంది. ఆ స్టూడియోవాళ్లు చేసింది కూడా ఇలాంటిదే అయ్యుంటుందని నా అనుమానం. ఆకుపచ్చ పెడితే బొట్టు సిరా చుక్కలా నిలబడింది, కానీ బుగ్గ మీద దోమకాట్లు కూడా లెక్కపెట్టేలా తేలాయి, ఒళ్లు మరీ నల్లబడింది. నీలం గురించి చెప్పకపోవడమే మంచిది. చివరికి పసుపు దగ్గర ఆగాను. మొహం మా పిల్ల మొహంలా ఉంది, నీడ నీడలా ఉంది.

బొట్టు ఇంకొంచెం ముదరాలి. దానికి డాడ్జ్ అండ్ బర్న్ బ్రష్ ఉంది, డాడ్జ్ అంటే ఒకచోట తేలిక చేయడం, బర్న్ అంటే ముదర చేయడం. డార్క్‌రూమ్‌లో, నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద, ఇనప తీగకి గుండ్రటి అట్టముక్క గుచ్చి, మొహం తేలిక కావాలంటే అక్కడ వెలుగు పడకుండా ఆడిస్తూ మనసులో అంకెలు లెక్కపెట్టేవాళ్లం. చెయ్యి ఒక్క క్షణం ఆగిందంటే అట్ట నీడ ప్రింట్ మీద అచ్చు పడేది, ఊటీ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు పేపర్ ఒక షీటు చెత్తబుట్టలోకి. ఇక్కడ మైనస్ అంటే నలుపు, ప్లస్ అంటే తెలుపు; మైనస్ ఐదు పెట్టి బొట్టు మీద రెండుసార్లు వేలు రాశాను, కంటిపాప మెరుపు మీద ప్లస్ ఐదు ఒక్కసారి. బ్రష్ సైజు మార్చే బటన్ వెతకొద్దు, లేదు. ఫోటోని పెద్దది చేస్తే బ్రష్ దానంతటదే సన్నమవుతుంది. ఇది తెలియక మొదటి వారం బొట్టుతో పాటు కనుబొమలు కూడా నల్లగా పూశాను.

గ్రెయిన్ స్లైడర్‌ని చూస్తే నవ్వొస్తుంది. ఫిల్మ్‌లో ఆ ఇసక కనిపించకూడదని నానా తంటాలు పడ్డాం, ఇప్పుడు కోరి చల్లుకుంటున్నారు. నేను ముట్టుకోను.

లోపాలు లేకపోలేదు. పోర్ట్రెయిట్ అనే టూల్ చర్మాన్ని నున్నగా చేస్తుంది. పిల్లల మొహానికి ఆ పని ఎందుకో నాకు అర్థం కాదు, పాలబుగ్గల మీద సన్నటి నూగు పోతే ఇంకేం మిగిలింది? ఇక ఫిల్టర్‌లో ఒక్క ఎరుపునే కాస్త పెంచుకుందామంటే కుదరదు. అది కావాలంటే లైట్‌రూమ్ మొబైల్ అనే ఇంకో యాప్‌కి వెళ్లాలి, అందులో ఎనిమిది రంగులకి ఎనిమిది స్లైడర్లు. ఆరెంజ్ ఒక్కటీ ఒక పిసరు జరిపి, చర్మం ఎంత వెలుగులో ఉండాలో సరిగ్గా నిలబెట్టొచ్చు. కాకపోతే అక్కడ బ్రష్ పట్టుకుని ఒకచోట మాత్రమే దిద్దాలంటే డబ్బు కట్టాలి. నా లెక్కలో ఒక పిల్ల ఫోటోకి స్నాప్‌సీడ్ చాలు, పెళ్లి ఆల్బమ్ చేసేవాళ్లకి చాలదు.

వ్యూ ఎడిట్స్ మాత్రం అలవాటు చేసుకోండి. చేసిన పనులన్నీ వరసగా ఉంటాయి, పొద్దున లేచి చూస్తే నచ్చని దాన్ని ఒక్కదాన్నే తెరిచి మార్చుకోవచ్చు. రాత్రి లైటు తీసేసి చీకట్లో దిద్దింది పొద్దున నాకెప్పుడూ నచ్చలేదు.

ప్రింట్ దగ్గర దెబ్బ తిన్నాను. దగ్గర్లోని ల్యాబ్‌లో ఎనిమిది బై పన్నెండు వేయిస్తే, కలర్ పేపర్ మీద కదా, మొత్తం పాచి పట్టినట్టు ఆకుపచ్చగా వచ్చింది. వాళ్లకి అది కనిపించలేదట. ఫోన్ వెలుగు తగ్గించి, దిద్దినదాన్ని కాస్త తేలిక చేసి, ఇంకోచోట ఇంక్‌జెట్‌లో మాట్ పేపర్ మీద వేయించాను. అది ఇప్పుడు హాల్లో ఉంది. స్టూడియో ఆల్బమ్ బీరువాలో ఉంది, చుట్టాలొస్తే అమ్మాయి ఇంకా దాన్నే తీస్తుంది.