నేల గడ్డకట్టే చోట పునాది: లోతుగా తవ్వాలా, ఫోమ్ వెయ్యాలా, మట్టి మార్చాలా... ఏది మేలు?

చలికాలంలో నేల గడ్డకట్టే ఊళ్లో ఇల్లు కడుతున్నామంటే చాలు, ఎవర్నడిగినా వచ్చే సలహా ఒకటే, ఫ్రాస్ట్ లైన్ కిందకి తవ్వెయ్, గొడవ వదిలిపోతుంది అని. ఫ్రాస్ట్ లైన్ అంటే చలికాలంలో నేల ఎంత లోతు దాకా గడ్డకడుతుందో ఆ హద్దు. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడుగుతా: ఆ బిల్డింగ్‌లో ప్రతి చలికాలం హీటింగ్ నడుస్తుందా లేదా? దాన్ని బట్టే సగం జవాబు తేలిపోతుంది.

అసలు పునాది ఎందుకు లేస్తుందో ముందు చూద్దాం. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి కదా, అందుకే లేస్తుంది అనుకుంటారు చాలామంది. అది చిన్న వాటా మాత్రమే. గడ్డకట్టే మట్టి, దీపం వత్తి నూనె పీల్చినట్టు, కింది పొరల్లో ఉన్న తడిని పైకి లాక్కుంటుంది, ఆ వచ్చిన తడి పలకలు పలకలుగా ఐస్ అయి మందం పెరుగుతూ పోతుంది, వీటినే ఐస్ లెన్సులంటారు, పైనున్న కాంక్రీట్‌ని ఎత్తేది ఇవే. స్టీఫెన్ టేబర్ అని ఒక అమెరికన్ జియాలజిస్ట్ 1930 ప్రాంతంలో నీళ్లకి బదులు బెంజీన్‌తో తడిపిన మట్టిని గడ్డకట్టించి చూశాడు, బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు సరికదా ముడుచుకుంటుంది, అయినా మట్టి లేచింది! అంటే ఉబ్బడం కాదు, కింద నుంచి లాక్కోవడమే అసలు సంగతి.

కాబట్టి దీనికి మూడూ కలవాలి: చలి, నీళ్లు, సన్నటి మట్టి. ఒక్కటి తీసేసినా ఆట ఆగిపోతుంది. మట్టిల్లో సిల్ట్ (ఇసుక కన్నా సన్నం, బంకమట్టి కన్నా ముతక) అన్నిటికన్నా చెడ్డది, తడిని పీల్చే బలమూ ఉంటుంది, నీళ్లు గబగబా కదిలే దారీ ఉంటుంది. బంకమట్టికి పీల్చే బలం ఎక్కువే కానీ అందులో నీళ్లు మెల్లగా కదులుతాయి.

ఇక లోతుగా తవ్వడం. దీంట్లో ఆ మూడింట్లో ఏదీ తియ్యట్లేదు, తప్పించుకుని కిందకి పోతున్నాం అంతే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉత్తర భాగంలో 60 అంగుళాలు, దక్షిణ భాగంలో 42 అంగుళాలు పోవాలి, అంటే చుట్టూతా మనిషి ఛాతీ లోతు కందకం, దానికి తగ్గ కాంక్రీట్, ఫార్మ్‌వర్క్ (సెంట్రింగ్), మళ్లీ పూడ్చడం. లాభం ఏంటంటే ఏ మేస్త్రీకైనా తెలిసిన పని, ఇన్‌స్పెక్టర్ రెండో మాట అడగడు, ఇంట్లో హీటింగ్ ఉన్నా లేకపోయినా నిలబడుతుంది. బేస్‌మెంట్ కావాలంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఎలాగూ తవ్వుతారు.

కానీ లోతుగా దించాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. గడ్డకట్టిన మట్టి పునాది పక్క గోడని కరుచుకుని తనతోపాటు పైకి లాగుతుంది. ఇంటి బరువు ముందు ఇది పెద్దగా నిలవదు కానీ డెక్ (ఇంటి బయట కట్టే చెక్క అరుగు) స్తంభాలు, కంచె స్తంభాలు లాంటి తేలికవాటిని మాత్రం చలికాలం చలికాలానికీ కొంచెం కొంచెం పీకేస్తుంది. అందుకే పక్కల్లో తవ్విన మట్టే మళ్లీ పోసెయ్యకుండా గ్రావెల్ పొయ్యాలి, స్తంభం అడుగున వెడల్పుగా పాదం ఉండాలి, పక్కలు నున్నగా ఉండాలి.

రెండోది ఫోమ్, నా ఓటు ఎక్కువసార్లు దీనికే. స్కాండినేవియాలో 1950ల నుంచి చేస్తున్నారు, పది లక్షలకి పైగా ఇళ్లు దీనిమీద నిలబడ్డాయి, అమెరికాలో దీనికి సివిల్ ఇంజినీర్ల సంఘం పెట్టిన ఏఎస్‌సీఈ 32 అనే స్టాండర్డ్ కూడా ఉంది. ఐడియా ఏంటంటే ఇంటి నుంచి నేలమీద పోసిన కాంక్రీట్ స్లాబ్ కిందకి ఎలాగూ కొంత వేడి దిగుతుంది, నేలకి తనదంటూ కొంత వేడి ఉంటుంది, అది బయటికి పోకుండా పునాది అంచుకి నిలువుగా ఫోమ్ షీట్, చలి ఎక్కువైన చోట అక్కణ్ణుంచి బయటికి రెక్కలా అడ్డంగా ఇంకో షీట్ పాతిపెడతారు. దాంతో ఫుటింగ్ (పునాది అడుగు పాదం) కింద మట్టి గడ్డకట్టదు, ఆ ఐదడుగుల కందకం కాస్తా 12 నుంచి 16 అంగుళాలకి వచ్చేస్తుంది. మూలల దగ్గర రెండు వైపుల నుంచీ వేడి పోతుంది కాబట్టి అక్కడ రెక్క వెడల్పు పెంచాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే. షీట్ అంటే ప్యాకింగ్‌లో వచ్చే థర్మోకోల్ కాదు, మట్టి కింద వాడటానికి చేసిన గట్టి రకం. వీటిలో ఎక్స్‌పీఎస్ అనే రకం అయితే తడి తక్కువ పీలుస్తుంది, ఈపీఎస్ అనే రకం వాడొచ్చు కానీ తడికి వేడిని ఆపే బలం తగ్గుతుంది కాబట్టి మందం పెంచుకోవాలి.

మరి మెలిక ఎక్కడుంది? హీటింగ్ దగ్గర. కోడ్ లెక్క ఇంట్లో నెల సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీలకి తగ్గకుండా ఉంటుందని నమ్మి వేసింది. ఏడాదిలో సగం తాళం వేసి హీటర్ ఆపేసే ఇల్లయితే ఆ లెక్క చెల్లదు. ఇంకో ప్రమాదం కట్టుబడి మధ్యలో, స్లాబ్ పోసి పై కప్పు పడక ముందే చలి దిగితే లోపల వేడి లేని ఆ మొదటి చలికాలమే కొంప ముంచుతుంది. హీటింగ్ లేని షెడ్డుకి కూడా ఫోమ్‌తో చెయ్యొచ్చు, కాకపోతే స్లాబ్ మొత్తం కింద, చుట్టూ బయటికి కూడా పరచాలి, అప్పుడు ఆదా అనే మాట కొంచెం పల్చబడుతుంది. చెదలున్న ప్రాంతమైతే ఫోమ్ వాటికి దాక్కునే దారి, నేల పైకి కనబడే భాగానికి రేకో సిమెంట్ బోర్డో కప్పాలి. కొన్నేళ్ల తర్వాత మొక్క నాటడానికి గునపం దింపేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మూడోది మట్టి మార్చడం, కందకంలో శుభ్రమైన కంకర నింపి దానిమీద కాంక్రీట్ బీమ్. పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ వాడిన పద్ధతే ఇది. శుభ్రమైన అన్న మాట ఊరికే అన్లేదు, 1931లో కాసాగ్రాండే అనే మట్టి ఇంజినీర్ పెట్టిన హద్దు ప్రకారం రకరకాల సైజులు కలిసిన మట్టిలో 0.02 మిల్లీమీటర్ల కన్నా సన్నటి రేణువులు 3 శాతం దాటితే చాలు, ఐస్ లెన్సులకి అవకాశం ఉన్నట్టే. కంకరలోకి చుట్టూ మట్టి చొరబడకుండా ఫిల్టర్ గుడ్డ చుట్టాలి, అడుగున చిల్లుల పైపు వేసి నీళ్లు బయటికి పోయే వాలు చూపించాలి. వాలు లేని బల్లపరుపు స్థలమైతే దీని జోలికి పోవద్దు, నీళ్లు నిలిచే కందకాన్ని మనమే డబ్బు పెట్టి తవ్వినట్టవుతుంది.

డెక్కు, చిన్న క్యాబిన్ లాంటివాటికైతే స్క్రూ పైల్స్ (మరలా తిప్పి నేలలోకి దించే ఇనప స్తంభాలు) చాలు, వాటి అడుగునున్న రెక్క ఫ్రాస్ట్ లైన్ కిందకి దిగితే అయిపోయింది.

నన్నడిగితే, ఏడాది పొడవునా మనుషులుండే, బేస్‌మెంట్ అక్కర్లేని ఇంటికి ఫోమ్, పక్కనే కొంచెం వాలు ఉండి కంకర దగ్గర్లో దొరికితే హీటింగ్ లేని గ్యారేజీకి కంకర కందకం, సెలవుల్లో మాత్రమే వెళ్లే ఇంటికి మాత్రం నోరుమూసుకుని లోతుగా తవ్వడమే. ఏది ఎంచుకున్నా చూరు నీళ్ల పైపు పునాది మొదట్లో వదలకండి, నేలని ఇంటి నుంచి బయటికి వాలుగా ఉంచండి, పైసా పెద్దగా ఖర్చు లేని పని ఇది.

పైన చెప్పిందంతా చలికాలంలో గడ్డకట్టి ఎండాకాలంలో కరిగే నేలకే. ఏడాదంతా గడ్డకట్టే ఉండే పర్మాఫ్రాస్ట్ నేలకి ఈ ఫోమ్ పద్ధతి పనికిరాదు, అక్కడ ఇంటి వేడి దిగితే కింద నేల కరిగి ఇల్లే కుంగుతుంది, అందుకే స్తంభాల మీద ఎత్తి కింద చలిగాలి ఆడేలా కడతారు.